మద్దెల నిజముగనే ఓడైనచో



"ఆడలేక మద్దెల ఓడన్నట్లు" అను సామెత మన యిండ్లలో వినబడని దినముండదు. తన చేతగానితనమునకు సాధనమును నిందించువారిని పరిహసించుటకు పెద్దలు దీనిని వాడుదురు. నేనును నా కుమార్తెపై ఈ సామెతను ప్రయోగించితిని. అది నేను చేసిన తప్పు. మరియొక తల్లి అట్టి తప్పు చేయకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మాయికి పదియవ యేట గిటారు నేర్చుకొనవలెనని కోరిక కలిగెను. ఇంటి ఖర్చులలో మిగిల్చిన సొమ్ముతో, బజారులోని యొక దుకాణమున, నల్లగా నిగనిగలాడుచున్న గిటారు నొకదానిని కొంటిని. వెల తక్కువ, మెఱుపు ఎక్కువ. అంతకుమించి నేను చూచినది లేదు. రెండు మాసములు పిల్ల పాటుపడెను. వ్రేళ్లకొనలు ఎఱ్ఱబడి పొక్కులు లేచెను. "అమ్మా, ఎంత నొక్కినా తీగ దిగడం లేదు. ఈ గిటారే బాగా లేదు" అని యొకనాడు కంటనీరు పెట్టుకొనెను. "ఆడలేక మద్దెల ఓడు" అంటిని. ఆ మాటతో పిల్ల నోరు మూసికొనెను. గిటారు బీరువా మీది కెక్కెను. అటుపిమ్మట "నాకు సంగీతం రాదు" అని ఆమె నలుగురిలో చెప్పుచుండగా విని, వినయమనుకొని సంతోషించితిని.

ఏడాది గడచిన తరువాత మా అత్తగారు మా యింటికి వచ్చిరి. వారు చిన్ననాట వీణ నేర్చినవారు. బీరువా మీది గిటారును దింపించి, ఒడిలో నుంచుకొని, ఒక తీగను నొక్కి చూచి, "అమ్మాయీ, మెట్టుకూ తీగకూ ఇంత ఎడం ఉందేమిటి? నా వీణ ఇట్లా ఉంటే నేను మొదటి నెలలోనే మానేసేదాన్ని. ఈ మద్దెల నిజంగానే ఓడు" అనిరి. నాకు తల తీసినట్లయ్యెను.

ఆనాటినుండి వాద్యము తెలిసినవారి నడిగియు, మరమ్మతు చేయువాని యొద్ద కూర్చుండియు నేను గ్రహించినది మీకు మనవి చేయుచున్నాను.

గిటారు మన వీణవలె మెట్లుగల తంత్రీవాద్యమే. వీణ మెట్లను మైనముపై నిలుపుదురు. గిటారు మెట్లు లోహపువి, మెడకఱ్ఱలోనే దిగవేయబడి యుండును. తీగలు ఆరు. తీగ మెట్టున కెంత యెత్తున నున్నదో చూచుటయే కొనువారు చేయవలసిన మొదటి పని. మెడమీద పండ్రెండవ మెట్టు తీగ పొడవునకు సరిగా నడుమనుండును. అంచునుండియే గీతలు మొదలగు ఉక్కుకొలబద్దను ఆ మెట్టుపై నిలువుగా నుంచి చూడుడు. ఉక్కుతీగల గిటారునకు సన్ననితీగ క్రింద 2 మిల్లీమీటర్లు, లావుతీగ క్రింద రెండున్నర మొదలు 3 వఱకు ఉండుట మేలు. నైలాను తీగల గిటారునకు 3 మొదలు 4 మిల్లీమీటర్లు తగును. మా గిటారునకు 5 మిల్లీమీటర్లకు మించియుండెను! పెద్దవారి వ్రేళ్లకే అది కష్టము.

ఇక తీగల సంగతి. పూర్వము గిటారునకు గొఱ్ఱెప్రేగుతో చేసిన తీగలు కట్టెడివారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ ప్రేగు దొరకుట కరవై, 1940 తరువాతి సంవత్సరములలో నైలాను తీగలు వాడుకలోనికి వచ్చెను. ఇవి మెత్తనివి, లేతవ్రేళ్లను అంతగా బాధింపవు. ఐతే ఈ గిటారు మెడ కొంత వెడల్పు. మొదట 52 మిల్లీమీటర్ల ప్రాంతముండును. ఉక్కుతీగల గిటారు మెడ 43 మిల్లీమీటర్ల ప్రాంతముండి చిన్నచేతి కిముడును గాని, తీగ వ్రేలిని కోయును. పాటకు తోడుగ వాయింపదలచువారు ఉక్కుతీగలనే కోరుదురు. అట్టివారు మిక్కిలి సన్నని తీగల కట్టను అడిగి వేయించుకొనవలెను. నైలాను గిటారునకు ఉక్కుతీగలు ఎన్నడును బిగింపరాదు. నైలాను తీగలారింటి లాగు 40 కిలోల ప్రాంతముండగా, ఉక్కుతీగల లాగు అంతకంటె మిక్కిలి హెచ్చు. ఆ బరువునకు పెట్టెమీది పలక ఉబ్బి, తీగలను పట్టియుంచు దిమ్మ ఊడివచ్చును.

పరిమాణమును చూడవలెను. పెద్దవారి గిటారు తీగ పొడవు సుమారు 650 మిల్లీమీటర్లు. ఈ కొలతను స్థిరపఱచినవాడు స్పెయిను దేశపు శిల్పి ఆంటోనియో తోర్రెస్ (1817–1892). ఎనిమిది మొదలు పదునొకండేండ్ల పిల్లలకు ముప్పాతిక గిటారు, అంతకంటె చిన్నవారికి అరగిటారు అమ్ముదురు. "పెరిగే పిల్ల గదా" యని పెద్దది కొనుట, పరికిణీ విషయమున చెల్లును గాని గిటారు విషయమున చెల్లదు. కుడిచేయి పెట్టెపై వాలినపుడు భుజము పైకి లేవరాదు. ఎడమచేయి మొదటి మెట్టును సుఖముగ నందుకొనవలెను.

దుకాణమున చేయవలసిన పరీక్షలు మరికొన్ని గలవు. మెడను కంటియొద్ద పట్టి, తుపాకి గుఱి చూచినట్లు చూడుడు, వంకర తెలియును. అఱచేతిని మెడ అంచులవెంట జార్చుడు. మెట్లకొనలు గీచుకొన్నచో అది పని సరిగాలేని గిటారు. తీగలను పట్టియుంచు దిమ్మ వెనుక పలుచని కాగితము దోపి చూడుడు. లోనికి పోయినచో జిగురు వీడుచున్నదన్నమాట. ప్రతి తీగను ప్రతి మెట్టుమీద మీటి వినుడు, జరజరధ్వని రాకూడదు. వట్టితీగను మీటి, తరువాత పండ్రెండవ మెట్టుమీద నొక్కి మీటుడు. మొదటిది షడ్జమైనచో రెండవది తారాషడ్జము కావలెను. అది తప్పినచో ఎంత శ్రుతిచేసినను పాట కలియదు. చేతిఫోనులలో శ్రుతి చూపు సాధనములు ఉచితముగ దొరకును గనుక ఈ పరీక్ష సులభము.

కఱ్ఱ విషయమున అంత దిగులు వలదు. ఏకపలక గిటారు నాదము మేలైనదే గాని వెల హెచ్చు; ఎండకు తడికి త్వరగా లోబడును. పలుచని పొరలతికిన పలక మొదట నేర్చువారికి చాలును. దానిని ఎండలోను, మూసిన కారులోను ఉంచరాదు.

వెల యెంత యందురా? మూడువేల రూపాయలకు నలంకారముగ కనబడు వస్తువులు పెక్కు లున్నవి. కొంచెమించుమించుగ పదివేల లోపల నమ్మదగిన గిటారు దొరకును. చేతిలోనున్న సొమ్ములో కొంత తీసిపెట్టి, తీగలయెత్తు సరిచేయించుటకు వెచ్చింపుడు. అందమైన సంచికంటె అది ముఖ్యము. ఎవరైన వాడి విడిచిన గిటారును పై పరీక్షలకు నిలిచినచో నిస్సంకోచముగ కొనవచ్చును.

తక్కువ వెలది కొనుట తప్పు కాదు. అమెరికాలోని ఉత్తర కరొలినాలో ఎలిజబెత్ కాటన్ అను నల్లజాతి బాలిక పదునొకండేండ్ల ప్రాయమున పరుల యిండ్ల పాచిపని చేసి కూడబెట్టిన 3 డాలర్ల 75 సెంట్లతో గిటారు కొనెను. ఎడమచేతివాటముగల యామె దానిని తలక్రిందుగ పట్టి తనంతట నేర్చెను. సంసారములో పడి పెక్కేండ్లు వాద్యమును విడిచి, అఱువదవయేటికి చేరువలో, పనిచేయు నింట గోడకు వ్రేలాడు గిటారును చూచి మరల చేపట్టెను. 1958లో ఆమె పాటల రికార్డు వెలువడెను. 1985లో, తొంబదియేండ్లు దాటిన పిమ్మట, గ్రామీ బహుమానము లభించెను. వెలలో లోపము విద్యను ఆపలేదు. నొక్కిన తీగ పలుకవలెను, అంతే.

ఇది సీమ వాద్యము, మన యాడుపిల్లల కెందుకని కొందరందురు. ఫిడేలు ఎక్కడిది? బాలుస్వామి దీక్షితులవారు (1786–1859) దానిని మన సంగీతమునకు తెచ్చిరి. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) చేతిలో అది మనదైపోయెను. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ (1969–2014) మాండలిన్‌ను కర్ణాటక కచేరి కెక్కించెను.

మా గిటారును మరమ్మతు చేయువాడు మెడ మొదటనున్న గాళ్లను అరగదీసి, దిమ్మపైని పట్టీని తగ్గించి, సన్నతీగలు వేసెను. కొన్ని వందలలో పని తీఱెను. అది యింటికి వచ్చిన సాయంకాలము అమ్మాయిని దగ్గర కూర్చుండబెట్టుకొని, "నువ్వు చెప్పింది నిజమే తల్లీ. నేనే వినలేదు" అంటిని. పిల్ల ఏమియు మాటాడలేదు. పది దినములు గిటారును ముట్టలేదు. వాద్యము బాగుపడినంత వేగముగ మనసు బాగుపడదని నాకు తెలిసెను.

పదునొకండవ దినమున మధ్యాహ్నము పప్పు ఏరుచుండగా లోపలిగదినుండి ఒక తీగ పలికెను, తరువాత మరియొకటి. నేను లేవబోగా అత్తగారు నా చేయి పట్టి కూర్చుండబెట్టిరి. "నువ్వు వెళ్లకు. దాన్ని వాయించుకోనీ" అనిరి.