పీచు మిఠాయిలో బట్టల రంగు

పుదుచ్చేరి తీరంలో బయటపడిన కల్తీ పొరుగు రాష్ట్రాలనూ కదిలించింది. నిషేధం సరైనదే. కానీ రంగు పొడి అమ్మేవాళ్లను పట్టుకుంటేనే దానికి సార్థకత.

సాయంత్రం ఆరు దాటితే పుదుచ్చేరి బీచ్ రోడ్డులో వాహనాలకు ప్రవేశం ఉండదు. గాంధీ విగ్రహం చుట్టూ జనమే జనం. వాళ్ల తలల మీదుగా, కర్రకు వేలాడే గులాబీ రంగు పీచు మిఠాయి సంచులు పిల్లల్ని ఇట్టే లాగేస్తాయి. 2024 ఫిబ్రవరిలో ఆహార భద్రత అధికారులు ఆ మిఠాయిని పరీక్షిస్తే అందులో రోడమైన్-బి ఉన్నట్టు తేలింది.

ఏమిటీ రంగు?

బట్టలకు, కాగితానికి, తోలుకు వేసే రసాయనమిది. ధర తక్కువ, చిటికెడు కలిపితే చాలు, ముదురు గులాబీ రంగు వస్తుంది. పంచదారలో కలిపేసి యంత్రం గిన్నెలో పోస్తే, అది వేడికి కరిగి పాకమై సన్నటి రంధ్రాల్లోంచి దారాలుగా బయటికి వస్తుంది. రుచిలో తేడా ఉండదు కాబట్టి తిన్నవాళ్లకు అనుమానమే రాదు.

మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. వాటిలో రోడమైన్-బి లేదు. జంతువులపై జరిపిన ప్రయోగాల్లో అది కాలేయాన్ని దెబ్బతీస్తుందని తేలింది. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందా లేదా అని తేల్చే ఆధారాలు ఇంకా చాలవు. అవి దొరికేదాకా పసిపిల్లల మీద ప్రయోగం చేస్తూ కూర్చోలేం కదా!

కదిలిన ప్రభుత్వాలు

అప్పుడు తెలంగాణ గవర్నరుగా ఉంటూ పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరు బాధ్యతలు కూడా చూస్తున్న తమిళిసై సౌందరరాజన్ స్వయానా వైద్యురాలు. పీచు మిఠాయి అమ్మకాలను నిషేధిస్తున్నట్టు ఆమె వీడియోలో ప్రకటించారు. రంగు మిఠాయి పిల్లలకు కొనిపెట్టొద్దని తల్లిదండ్రులను కోరారు. ఆహార భద్రత విభాగం ధ్రువపత్రం తెచ్చుకున్నవాళ్లే అమ్ముకోవాలన్నారు. పుదుచ్చేరి పాలనలోని మన యానాం పిల్లలకూ ఈ జాగ్రత్త అంతే అవసరం. అదే నెలలో తమిళనాడు నిషేధం విధించింది. మార్చిలో కర్ణాటక రంగు పీచు మిఠాయితో పాటు గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులనూ ఆపేసింది.

అసలు పని మిగిలే ఉంది

కర్ర పట్టుకుని మిఠాయి అమ్మే కుర్రాడు ఈ కల్తీ గొలుసులో చివరివాడు. దుకాణంలో ఫుడ్ కలర్ అని ఇచ్చిన పొట్లంలో ఏముందో అతనికెలా తెలుస్తుంది? మిఠాయిల్లో, కారంపొడిలో ఇదే రంగు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పట్టుబడుతూనే ఉంది. పేరూ ఊరూ లేని రంగు పొట్లాలు అమ్మే దుకాణాలపై దాడులు జరగాలి. తిరునాళ్లు, పండగల ముందు నమూనాలు తీయాలి. చిరు వ్యాపారికి ధ్రువపత్రం తేలిగ్గా అందాలి, ఏ రంగు వాడాలో అతని భాషలో చెప్పాలి. ఇవన్నీ జరగకపోతే నిషేధం కాగితాల్లోనే ఉంటుంది, రంగు మళ్లీ బజారుకొస్తుంది.

మన వంతు పనీ ఉంది. తెల్ల పీచు మిఠాయే అడిగి కొనండి. రంగు లేకపోయినా తీపి తగ్గదు. అనుమానం వస్తే ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చేయండి. కొనేవాళ్లు వద్దంటే కలిపేవాళ్లూ మానేస్తారు.