పాడి పశువులలో జీర్ణకోశ వ్యాధులు – కారణాలు, లక్షణాలు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట తెరిచేది పాల రిజిస్టరు. పూటకు 5 లీటర్లు పోసే సభ్యుని పేరు ఎదుట హఠాత్తుగా 2 లీటర్లు కనిపిస్తే, ఆ ఇంట పశువు బాగా లేదని అర్థం. ప్రజ్ఞాపూర్‌లో ఒకసారి ఇట్లాగే ఒక సభ్యుని పాలు ఒక పూట తగ్గి, మరునాడు ఆ గడిలో గీత మాత్రమే ఉన్నది. విచారించగా, పెండ్లిలో మిగిలిన అన్నం వృథా పోరాదని కుడితి తొట్టిలో పోసినారని తెలిసింది. బర్రె కడుపారా తిన్నది, మూడవ నాడు చనిపోయింది. దానిపై తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఇది అశ్రద్ధ వల్ల కాక, తెలియక జరిగిన నష్టం. అందుకే ఈ విషయాన్ని సభ్యుల ముందు ఉంచుతున్నాము.

ఆవు, బర్రెల కడుపులో నాలుగు గదులుంటాయి. వాటిలో మొదటిదైన పెద్ద కడుపులో 100 లీటర్లకు పైగా మేత, నీరు పడతాయి. అందులోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి పశువుకు ఆహారంగా మారుస్తాయి. మేతను హఠాత్తుగా మార్చితే ఈ జీవులు దెబ్బతింటాయి. జీర్ణకోశ వ్యాధులలో పెక్కింటికి మూలం ఇదే.

1. ఆమ్లం పెరుగుట: అన్నం, మక్కలు, జొన్నలు, పిండి ఎక్కువగా తిన్నప్పుడు కడుపులో ఆమ్లం విపరీతంగా తయారవుతుంది. కల్లంలో ఆరబోసిన మక్కల కుప్ప మీద పడిన పశువుకు కూడా ఇదే ప్రమాదం. తిన్న 12 నుండి 36 గంటలలో పశువు మేత మాని, నెమరు ఆపుతుంది. పెండ పులిసిన వాసనతో పలుచగా పడుతుంది. కండ్లు లోతుకు పోతాయి, నడక తూలుతుంది, చివరకు పడిపోతుంది. దాణా ఎక్కువై, గడ్డి తక్కువైనచోట ఇదే వ్యాధి కొద్దిపాటిగా ఉండి, పాలలో వెన్న శాతం తగ్గుతుంది. వెన్నను బట్టి ధర గనుక ఆ నష్టం కూడా సభ్యునిదే.

2. కడుపు ఉబ్బరం: మంచు తడితో ఉన్న లూసర్న్, బర్సీం వంటి లేత పప్పుజాతి మేత ఎక్కువైతే, లేక మక్క కంకి, గడ్డల వంటివి గొంతులో అడ్డుపడితే గాలి బయటకు పోదు. ఎడమ డొక్క డోలువలె ఉబ్బుతుంది. పశువు కడుపును కాలితో తన్నుకుంటూ, నోరు తెరిచి రొప్పుతుంది. కొన్ని గంటలలోనే ప్రాణం పోవచ్చు. డాక్టరు వచ్చేలోగా పశువును ముందుకాళ్ళు ఎత్తున ఉండేటట్లు నిలబెట్టాలి. నురుగు ఉబ్బరానికి పావు నుండి అర లీటరు పల్లినూనె నెమ్మదిగా తాగించవచ్చు. నాలుక పట్టి లాగరాదు, ముక్కులో పోయరాదు. ఊపిరితిత్తులలోకి పోతే వైద్యమే ప్రాణాంతకమవుతుంది. గొంతులో ఏదైనా అడ్డుపడిందని అనుమానమున్నచోట నోటి ద్వారా ఏమీ పోయకూడదు.

3. నాము: లేత జొన్న, కోసిన తరువాత వచ్చిన పిలకలు, వానలేక వాడిన జొన్నపైరులో సైనైడు విషం ఉంటుంది. ఇది అజీర్తి కాదు గాని ఉబ్బరమని పొరబడుతుంటారు. మేసిన కొద్దిసేపటికే వణుకు, రొప్పు, పడిపోవుట కనిపిస్తాయి. ఇంటి మందులతో కాలయాపన చేయరాదు. డాక్టరు ఇచ్చే ఇంజెక్షనే దారి. పూతకు వచ్చిన తరువాతనే జొన్న మేపాలి.

4. మేకులు, తీగలు, ప్లాస్టిక్కు: పశువు మేతను నమలక మింగుతుంది. మేకు, ఇనుప తీగ రెండవ గదిలో చేరి, పక్కనే ఉన్న గుండెకు గుచ్చుకోవచ్చు. మాటిమాటికి వచ్చే ఉబ్బరం, వంగిన వీపు, పల్లానికి దిగలేకపోవుట, గంగడోలు కింద వాపు దీని గుర్తులు. ప్లాస్టిక్కు సంచులు కడుపులో ఉండగా నిండితే శస్త్రచికిత్స తప్ప మందు లేదు. రాజీవ్ రహదారి పక్క చెత్తలో మేసే పశువులకు ఈ భయం ఎక్కువ.

5. దూడల పారుడు: బర్రె దూడలకు తల్లిపాల ద్వారానే ఏలికపాములు సంక్రమిస్తాయి. బంకమట్టి రంగులో దుర్వాసనతో పారుడు, పెద్ద పొట్ట, మట్టి నాకుట లక్షణాలు. పుట్టిన 10 రోజుల ప్రాంతంలో మొదటి పాముల మందు, ఆ తరువాత డాక్టరు చెప్పిన వ్యవధిలో తాగించాలి. పారే దూడకు నీరు, ఉప్పు అందకపోతే మరణమే.

సభ్యులకు సూచన ఒకటే. ఉదయం పాలు పితికేముందు పశువు నెమరు, పెండ, ఎడమ డొక్క చూడాలి. పిడికిలిని ఎడమ డొక్కపై ఉంచితే కడుపు కదలిక నిమిషానికి 1 లేక 2 సార్లు తెలియాలి. తెలియకపోతే పశువైద్యశాలకు గాని, 1962 నంబరుకు గాని వెంటనే తెలపాలి. మేత మార్పును 10 రోజులకు తక్కువ కాకుండా కొద్దికొద్దిగా చేయాలి. మందు వాడిన పశువు పాలను డాక్టరు చెప్పినన్ని రోజులు సంఘానికి పోయరాదు. మిగిలిన అన్నం పారవేసినా నష్టం కొద్దిదే. బర్రె పోతే తిరిగి కొనుటకు మళ్ళీ అప్పే దిక్కు.