మాంటిసెల్లో: కొండ మీద ఇల్లు, దాన్ని నిలబెట్టిన చేతులు

అమెరికా ఐదు సెంట్ల నాణేన్ని తిప్పి చూస్తే గోపురం, స్తంభాలు ఉన్న ఇల్లొకటి కనిపిస్తుంది. అదే మాంటిసెల్లో. ఆ దేశ స్వాతంత్ర్య ప్రకటన రాసి, తర్వాత మూడో అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ సొంతిల్లు. వర్జీనియా రాష్ట్రంలో షార్లట్స్‌విల్ పట్నాన్ని ఆనుకున్న కొండ మీద ఉంది. వాషింగ్టన్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కారులో రెండున్నర గంటల దారి.

తండ్రి నుంచి సంక్రమించిన ఈ కొండ నెత్తిని జెఫర్సన్ 1768లో చదును చేయించాడు. మరుసటి ఏడాది కట్టుబడి మొదలైంది. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పుస్తకాలు చదివి ఇంటి నక్షా తనే గీసుకున్నాడు. కట్టడం, పడగొట్టడం, మళ్లీ కట్టడం నలభై ఏళ్లు సాగింది. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది.

ముందు హాల్లోని గడియారం దగ్గర కాసేపు నిలబడాల్సిందే. దాన్ని నడిపే బరువులు ఫిరంగి గుండ్లు. అవి కిందికి దిగుతూ గోడ మీద రాసిన వారాల పేర్లను ఒక్కొక్కటే దాటుతుంటాయి. ఆ రోజు ఏ వారమో గుండును చూసి చెప్పొచ్చు. వారం మొత్తానికి హాలు ఎత్తు చాలలేదు. జెఫర్సన్ నేలకు కంతలు కొట్టించి గుండ్లను నేలమాళిగలోకి దించాడు. శనివారం ఇప్పటికీ అక్కడే ఉంది.

దక్షిణపు వాలులో కూరగాయల తోట. పొడవు 1,000 అడుగులు. కొండను తొలిచి, రాతిగోడ కట్టి నిలిపిన నేల. ఇక్కడ జెఫర్సన్ 330 రకాల కూరగాయలు పండించి చూశాడు. పచ్చి బఠానీ అంటే ఆయనకు ప్రాణం. ముందుగా ఎవరి తోటలో కాస్తే వాళ్లు ఇరుగుపొరుగుకు విందు ఇవ్వాలన్నది అక్కడి పందెం. ఏ విత్తు ఎప్పుడు వేసిందీ, ఏది కాసిందీ, ఏది ఎండిపోయిందీ 1766 నుంచి 1824 దాకా రాసిపెట్టుకున్నాడు. ఆ రాతల ఆధారంగానే నేటి తోటను తిరిగి వేశారు. పందిరి నిండా ఊదారంగు పూల చిక్కుడు. జెఫర్సన్ పెంచిన పంటల్లో మన వంకాయ, బెండ, నువ్వులూ ఉన్నాయి. బెండ, నువ్వులు ఆ గడ్డకు చేరింది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వెంట.

తోటకు పైన్నే మల్బరీ రో అనే బాట. వడ్రంగి పాకలు, కమ్మరి కొలిమి, బానిసల గుడిసెలు దీని వెంటే ఉండేవి. 1794లో మొదలైన మేకుల కొట్టంలో పది నుంచి పదహారేళ్ల పిల్లల చేత పని చేయించారు. మనుషులంతా సమానమని రాసిన జెఫర్సన్ చేతి కింద ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలు బతికారు. వారిలో శాలీ హెమింగ్స్ ఒకరు. ఆమె పిల్లలకు తండ్రి చాలావరకు జెఫర్సనే అయ్యుంటాడని, 1998 నాటి డీఎన్ఏ పరీక్షను, పాత పత్రాలను పరిశీలించి, ఈ ఇంటిని నడిపే సంస్థే 2000లో తేల్చింది. 2018 నుంచి ఆమె కథకు ఇక్కడ ఒక గది కేటాయించారు.

పూలమొక్కలు నాటింది వార్మ్లీ హ్యూస్ అనే బానిస తోటమాలి. 1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, జెఫర్సన్ కన్నుమూస్తే సమాధి తవ్వింది కూడా అతనే. అతన్ని బానిసత్వం నుంచి వదిలేశారు గానీ భార్యాపిల్లల్ని వదల్లేదు. జెఫర్సన్ మిగిల్చిన అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో వేసిన వేలంలో 130 మంది బానిసల్లో భాగంగా వాళ్లనూ అమ్మేశారు.

సమాధి రాయి మీద ఏం చెక్కాలో జెఫర్సనే రాసిపెట్టాడు: స్వాతంత్ర్య ప్రకటన, మత స్వేచ్ఛ చట్టం, వర్జీనియా విశ్వవిద్యాలయం. అధ్యక్ష పదవి ఊసే లేదు. ఆ మూడూ గొప్పవే. వాటిని సాధించే తీరిక ఆయనకు ఎవరి చాకిరీ వల్ల దొరికిందో ఆ రాయి చెప్పదు, మల్బరీ రో చెబుతుంది. అందుకే మాంటిసెల్లో వెళ్లేవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ముందు మల్బరీ రో నడవండి, బానిసల జీవితం గురించి గైడు చెప్పేది చివరిదాకా వినండి. ఆ తర్వాతే ఇంట్లోకి అడుగుపెట్టండి.