పగడపు దిబ్బలకు కాలినడక

ఆంధ్ర తీరము పొడవైనదే గాని, కృష్ణా గోదావరులు తెచ్చు ఒండ్రు, మంచినీరు పగడపు జీవులకు గిట్టవు. అండమాను, లక్షద్వీపములకు పోవలెనన్న ఓడయో విమానమో కావలెను. నీటిలో మునుగక, నడచి పోయి పగడపు దిబ్బలు చూడగల చోటు గుజరాతులో జామ్‌నగరునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున కలదు. అదే నరారా, కచ్ సింధుశాఖలో 1982లో ఏర్పడిన సముద్ర జాతీయోద్యానములోని భాగము.

జామ్‌నగరు వరకు రైలు కలదు. అక్కడినుండి పదిమంది కలసి ఒక బండి మాట్లాడుకొనినచో తలకు పడు ఖర్చు స్వల్పము. అయితే టిక్కెట్టు కొనుటకు ముందు పంచాంగము విప్పవలెను. అమావాస్య, పౌర్ణముల దాపున సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో పనిచేయుటచే పోటు మిక్కిలి ఎత్తుకు లేచి, ఆటు మిక్కిలి దిగువకు పోవును. సింధుశాఖ లోపలికి పోనుపోను ఇరుకగుటచే ఈ తేడా అక్కడ మరీ హెచ్చు. అష్టమి దాపున చేరినవారికి దిబ్బలలో చాల భాగము నీటి క్రిందనే ఉండిపోవును. రైలు ఖర్చంతయు నీటిపాలే! ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగును గనుక, అది పగలు పడు దినమును ఆటుపోటుల పట్టికలో చూచుకొనవలెను. వానకాలము పనికిరాదు.

అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి తప్పనిసరి. రాయివలె కనబడునది చిన్నచిన్న జీవులు సున్నముతో కట్టుకొన్న ఇల్లు. గుండ్రని జాతులు కొన్ని ఏడాదికి మిల్లీమీటర్ల కొలదియే పెరుగును. ఒక్క అడుగు పడినచో ఏండ్ల పెరుగుదల విరుగును. కావున ఇసుకపైననే నడువవలెను. పిల్లలు ముచ్చటపడి తునక ఏరి తెచ్చుటయు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము క్రింద నేరమే. నీరు తిరిగిన గుర్తు కనబడగానే ఒడ్డుకు మరలవలెను. బల్లపరుపు నేలపై పోటు త్వరగా కమ్ముకొనును.