గుండెమంటకు నోటిదారి చికిత్స

అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట కండరంతో ఏర్పడ్డ కవాటం ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని వెంటనే బిగుసుకోవడం దాని పని. అది వదులైతే ఆమ్లం పైకి తన్నుకొస్తుంది: రొమ్ములో మంట, పులితేన్పులు, పడుకోగానే గొంతులోకి పుల్లని నీళ్లు. మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి గానీ కవాటాన్ని బిగించలేవు. అందుకే ఎంతోమంది ఏళ్ల తరబడి మాత్రలు మానలేకపోతున్నారు.

మాత్రలకూ ఆపరేషన్‌కూ నడుమ ఉన్నవి ఎండోస్కోపీ చికిత్సలు. పొట్టపై కోత ఉండదు, పరికరాలన్నీ నోటిగుండానే వెళతాయి. స్ట్రెట్టా అనే పద్ధతిలో రేడియో తరంగాల వేడిని కవాటానికి ఇస్తారు. దీని ఫలితాలపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. టిఫ్ అనే పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ మడిచి బిగిస్తారు. జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోయె ఆలోచన మరీ అబ్బురం: కవాటం దగ్గర లోపలిపొరను కొంత తొలగిస్తే, ఆ పుండు మానుతూ ముడుచుకుని దారిని తానే ఇరుకు చేస్తుంది.

హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 70 మందిపై నోటిగుండానే జీర్ణాశయం పైభాగాన్ని మడిచి కుట్టే పద్ధతిని పరీక్షించింది. 35 మందికి నిజంగా కుట్టు వేశారు, మిగతా 35 మందికి వేసినట్టు తంతు నడిపారు. 3 నెలలకు మొదటి జట్టులో దాదాపు మూడింట రెండొంతుల మందికి బాధ సగమైనా తగ్గింది. రెండో జట్టులో అలాంటివారు ఒక్కరే.

ఈ ఎండోస్కోపీ చికిత్సలు అందరికీ సరిపడవు. జీర్ణాశయం 2 సెంటీమీటర్లకు మించి ఛాతీలోకి జారితే సాధారణంగా లాపరోస్కోపీ ఆపరేషనే మేలు. ముందుగా ఎండోస్కోపీ, అవసరాన్నిబట్టి 24 గంటల ఆమ్ల పరీక్ష చేయించాలి. చికిత్స తర్వాత కొన్నాళ్లు గొంతునొప్పి, ఛాతీనొప్పి ఉండవచ్చు. ఆ రోజుల్లో మెత్తని ఆహారమే తీసుకోవాలి.