గాత్రమునకు నిండుదనము, పలుకునకు స్పష్టత

రేణిగుంట నుండి ఒక శ్రోత మాకు చక్కని ప్రశ్న వ్రాసిరి. జంక్షను దగ్గరి హోటలులో తెల్లవారుజామున లౌడ్ స్పీకరు వినిపించు సుప్రభాతమునకును, తమ యింటి రేడియోలో వినిపించుదానికిని అంత భేదమేల యని వారి సందేహము. కొమ్మువంటి లౌడ్ స్పీకరు మంద్రధ్వనులను మోయజాలదు. కావున దూరమునకు పలుకు చేరును గాని నిండుదనము చేరదు. ఇది సులభమైన సమాధానము. ఏ యంత్రమున వినినను చెదరకుండునట్లు గాత్రమును ముద్రణశాలలో ఎట్లు సంస్కరింతురనునదే చెప్పుకొనదగిన విషయము.

శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన శ్రీ వేంకటేశ సుప్రభాతము 1963 లో హెచ్.ఎం.వి. వారి రికార్డుగా వెలువడినది. అందు పాడినది ఒక్కరే యని పలువురు తలంతురు. చెవియొగ్గి వినినచో రెండవ కంఠము తెలియును. అది కుమార్తె రాధా విశ్వనాథన్ గారిది. ఇరువురు ఒకే వరుస పాడినను శ్రుతిలో, కాలములో వెండ్రుకవాసి భేదము రాక మానదు. ఆ భేదమే మనకు నిండుదనమై తోచును. ఇదే ఫలమును యంత్రముతో సాధించు పద్ధతిని 1966 లో లండనులోని ఎబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్సెండ్ అను ఇంజనీరు బీటిల్స్ బృందమునకై రూపొందించెను. ఒకే గాత్రమునకు నకలు తీసి, సెకనులో వేయింట 30 లేక 40 వంతుల ఆలస్యముతో జతపరతురు. అంత స్వల్పవ్యవధిని చెవి ప్రతిధ్వనిగా గుర్తింపక, కంఠమే విశాలమైనదని భావించును. అయినను తల్లీకూతుండ్రు కూడి పాడిన జీవము నకలునకు రాదని మా అభిప్రాయము.

స్పష్టత మాట వేరు. సెకనుకు 200 మొదలు 400 కంపనముల ప్రాంతమున ధ్వని పేరుకొనినచో కుండలో తలదూర్చి పాడినట్లుండును. మైకును ముద్దాడునంత చేరువగా నిలుచు గాయకులకు ఇది తరచు కలుగును. (అట్టివారిని జానెడు వెనుకకు జరుపుట యంత్రచికిత్స కన్న మేలు.) మిగిలిన బరువును ఈక్వలైజరుతో తగ్గించి, మన చెవి మిక్కిలి చురుకుగా వినునట్టి 3000 మొదలు 5000 కంపనముల భాగమును కొంచెము పెంతురు.

చిక్కంతయు ఇక్కడనే. 'సకలము' అనగా సమస్తము, 'శకలము' అనగా ముక్క. ఒక్క హల్లుతో అర్థము తలక్రిందులగును. 'స'కారపు సీత్కారము ముఖ్యముగా 5000 కంపనములకు పైన నుండును. మన దేశమున మీడియం వేవ్ ప్రసారముల నడుమ ఎడము 9 కిలోహెర్ట్‌జులే యగుటచే సాధారణ రేడియో సెట్లలో 4500 కు పై ధ్వనులు చాల వరకు తెగిపోవును. ఆ కొరతను తీర్చుటకు 'స'ను హెచ్చించినచో, 15000 వరకు అందించు ఎఫ్.ఎం.లో అది పాము బుసవలె వినవచ్చును. కావున సీత్కారము వచ్చిన క్షణమున మాత్రమే దానిని అణచు ఉపకరణమును వాడుదురు. ఎవరి సెట్టును మనసులో నుంచుకొని గాత్రమును తీర్చవలెననునది నేటికిని తెగని తగవే.

ఎత్తుగడలో గర్జించి పాదాంతమున గొణుగు పద్యగాయకునకు కంప్రెసరు వరము. 4 కు 1 అని అమర్చినచో, నిర్ణీతమైన మేర దాటిన పిదప ధ్వని 4 డెసిబెల్‌లు పెరిగినను 1 మాత్రమే పెరిగినట్లు వెలువడును. అటుపిమ్మట మొత్తమును పెంచినచో మిక్సీ తిరుగు వంటింటిలోను గొణుగుడు మాటలు వినబడును. దీనిని అతిగా వాడినచో గాయకుని ఊపిరియు, ఆలాపనయు ఒకే బిగ్గరలో వచ్చును. నేటి పాటలలో పెక్కింటికి ఈ జబ్బు పట్టినది.

కడపట చేర్చునది ప్రతిధ్వని. 1947 లో అమెరికా ఇంజనీరు బిల్ పుట్నమ్ దీనికై స్టూడియో స్నానపుగదినే వాడుకొనెను. కొలదిగా నున్నప్పుడు ఆలయమండపమున వినినట్లుండును. అధికమైనచో ముందటి అక్షరపు తోక తరువాతి అక్షరముపై పడును. అందుచే నేర్పరులు ముందు పలుకును వెడలనిచ్చి, ఒకింత తాళి ప్రతిధ్వనిని విడుతురు.

ఇంత చేసినను రేడియో పెట్టెను గదిమూలకు ఆనించి వినినచో మంద్రము హెచ్చి పలుకు మసకబారును. మూరెడు ముందుకు జరిపి వినుడు.