ఒక రోగి, రెండు దస్త్రాలు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తెలుగు వినబడుట వింత కాదు. బెంగాల్-నాగపూర్ రైల్వే నాడు ఉత్తర కోస్తా నుండి పనికై వచ్చినవారి మునిమనుమలు నేటికీ అచటనున్నారు. వీరి పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. ఆసుపత్రి గుమస్తా దానినే అసలు పేరనుకొన్నాడా, ఒకే రోగికి రెండు దస్త్రాలు పుడతాయి. పెన్సిలిన్ పడదని ఒకదానిలో ఉండగా, డాక్టరు చేతికి రెండవది రావచ్చు!

దీనిని నివారించేదే వైద్య సమాచార నిర్వహణ విద్య. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, పుదుచ్చేరి జిప్మర్ దీనికి పేరొందాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో 2001లో వైద్య-సాంకేతిక విభాగమొకటి వెలసినా, అందలి వైద్యశాస్త్ర మాస్టర్స్ కోర్సు ఎం.బి.బి.ఎస్. చదివినవారికే.

విద్యార్థి వైద్య పరిభాషతోపాటు రోగాల సంకేతాలు అభ్యసించాలి. 1893లో బెర్టిలాన్ సమర్పించిన మరణకారణాల పట్టికే వీటికి మూలం. పదవ కూర్పులో రెండవ రకం మధుమేహం ‘ఈ-11’. పదకొండవ కూర్పు 2022లో అమలులోకి వచ్చింది. డాక్టరు ‘షుగరు’ అని మాత్రమే వ్రాస్తే ఏ రకమో ఊహించరాదు, వెళ్లి అడగాలి. వినయమూ మొండితనమూ రెండూ కావలసిన ఉద్యోగమిది.

రైల్వేవారి ‘ఉమీద్’ కార్డు రోగికొక ప్రత్యేక సంఖ్యనిస్తుంది. కలకత్తా గార్డెన్‌రీచ్ ఆసుపత్రికి పంపినా ఆ సంఖ్య మారదు. అయితే పాత కాగితాలను దానికి జతపరచేది మనిషే: తండ్రి పేరు, పుట్టిన తేదీ, పనిచేసిన షాపు ఒక్కొక్కటే అడిగి.